రేకు ఎంత మంచిదైనా స్క్రూ మీదే నిలబడాలి

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

కొత్తపట్నం ఇంటి మిద్దె మీద కలర్ రేకులు వేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. రేకు మందం, రంగు అన్నీ చూసుకున్నావంట. స్క్రూలు మాత్రం మేస్త్రీకే వదిలేశావంట. ఆ పని చేయొద్దు నాయనా. సముద్రం పక్కన ముందు పోయేది రేకు కాదు, స్క్రూ తల.

కొట్లో చవగ్గా ఇచ్చే పసుపు పచ్చ జింకు స్క్రూలు ఇంట్లో పనులకే. వాటి పూత చాలా పలచన. ఉప్పుగాలికి తల చుట్టూ తుప్పు పట్టి, రేకు మీద ఎర్రటి చారలు దిగుతాయి. పెట్టె మీద క్లాస్ 4 (తుప్పును బాగా తట్టుకునే రకం) అని ఉన్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలే, అంటే కన్నం తామే చేసుకుని దిగేవే అడుగు. వాషరు ఈపీడీఎం రబ్బరుది ఉండాలి. మామూలు నల్ల రబ్బరు మన ఎండకు బిరుసెక్కి పగులుతుంది, నీళ్లు అక్కణ్నించే దిగుతాయి.

స్క్రూ రేకు పల్లంలో కాదు, పైకి లేచిన గట్టు మీద పడాలి. వాన నీళ్లు పారేది పల్లంలోనే గదా. గట్టు 30 మిల్లీమీటర్లు ఉంటే 5.5 × 55 సైజు సరిపోతుంది. రేకు కింద అడ్డంగా ఉండే ఇనుప ట్యూబు పై గోడ దాటి లోపలికి కనీసం మూడు మరలు దిగాలి.

లెక్క చెబుతా. 12 అడుగుల రేకు, నాలుగడుగులకో ట్యూబు అనుకో, నాలుగు వరసలు. గాలి రేకును కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. ఆ పీకుడు చూరు దగ్గర, కొప్పు దగ్గర, మూలల్లో ఎక్కువ. అందుకని పై వరసలో, కింద వరసలో ప్రతి గట్టుకూ ఒకటి, మధ్య వరసల్లో గట్టు విడిచి గట్టుకు. నాలుగు గట్ల రేకుకు 12 అవుతాయి. రెండు చివర్ల రేకులకు మాత్రం అన్ని వరసల్లోనూ ప్రతి గట్టుకూ వేయించు, 16. పది రేకులకు 128, పోయేవాటితో కలిపి 140 తెచ్చుకో. రేకూ రేకూ కలిసే అతుకులో ట్యూబుల మధ్య గడికి రెండు చొప్పున పొట్టి స్టిచ్ స్క్రూలు కావాలి. తొమ్మిది అతుకులకు 54, ఓ 60 కొను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను లాంటిది మళ్లీ వస్తే, ఈ అతుకుల దగ్గరే గాలి వేలు పెట్టేది.

బిగింపు దగ్గర నువ్వే నిలబడు. ఇంపాక్ట్ మిషను వద్దు, బిగింపు మించకుండా ఆపే క్లచ్ ఉన్న డ్రిల్లు తెమ్మను. రబ్బరు ఇనుప బిళ్ల అంచుకు సమంగా వచ్చి, వెంట్రుకవాసి బయటికి ఉబికితే చాలు. పువ్వులా విచ్చుకుందంటే ఎక్కువ బిగించినట్టు. గట్టు సొట్టపడి చుట్టూ నీళ్లు నిలుస్తాయి. వదులుగా ఉంటే గాలికి ఊగి కన్నం పెద్దదవుతుంది. ఒంకరగా దిగిన దాన్ని తీసి, అదే కన్నంలో ఓ సైజు లావుది వేయించు. సిలికాన్ పూసి మాయ చేయనీయొద్దు.

వంటింటి పక్క చావిడికి సిమెంటు రేకులైతే పద్ధతి వేరు. 8 మిల్లీమీటర్ల జే హుక్కుకు 10 మిల్లీమీటర్ల కన్నం డ్రిల్లుతో వేయాలి, మేకుతో కొట్టి కాదు. ఎండకు రేకు కదలడానికి ఆ సందు ఉండాలి. తారు వాషరు కింద, గాల్వనైజ్ వాషరు పైన. సిమెంటు రేకు పగిలేది చాలావరకు అతిగా బిగించడం వల్లే. కన్నం వేసేటప్పుడు రేకు తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకోమను. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం.

కలర్ రేకుల మీద స్క్రూలు దిగేటప్పుడు రాలే ఇనుప రజను మాత్రం ఏ రోజుది ఆ రోజే మెత్తటి చీపురుతో ఊడ్పించు. రాత్రి మంచుకే తుప్పెక్కి రేకు పూతను తినేస్తుంది.

మీ మామ