షికాగోలో జడ్జి అభ్యర్థులకు లాయర్లు రేటింగ్ ఎలా ఇస్తారు?

మన దగ్గర జడ్జీలకు ఎన్నికలు లేవు కాబట్టి ఈ ప్రశ్న రావడం సహజమే. షికాగో ఉన్న కుక్ కౌంటీలో బ్యాలెట్ మీద పదుల కొద్దీ జడ్జి పేర్లుంటాయి. మామూలు ఓటరుకు వాళ్లలో ఒక్కరూ తెలియరు. అందుకే షికాగో బార్ అసోసియేషన్ లాంటి లాయర్ల సంఘాలు ముందే వాళ్లను జల్లెడ పడతాయి.

ముందు అభ్యర్థి పెద్ద దరఖాస్తు నింపాలి: ఏయే కేసులు వాదించారు, ఎదుటి పక్షం లాయరెవరు, ఫిర్యాదులేమైనా ఉన్నాయా వగైరా. అసలు పని ఆ తర్వాతే. కమిటీవాళ్లు ఆ ఎదుటి లాయర్లకే ఫోన్ చేసి అడుగుతారు. ఓడిపోయిన లాయరు కూడా 'మనిషి నిజాయితీపరుడు' అన్నాడంటే, నా దృష్టిలో అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. చట్టం ఎంత తెలుసు, టైముకు కోర్టుకొస్తారా, కక్షిదారుల మీద కసురుకుంటారా అన్నవీ చూస్తారు. చివర్లో ఇంటర్వ్యూ. అసలు హాజరే కాకపోతే నేరుగా 'సిఫార్సు చేయం' అనేస్తారు.

ఈ రేటింగ్ సలహా మాత్రమే. అది బాగాలేకపోయినా గెలిచేవాళ్లున్నారు. ఇప్పటికే పదవిలో ఉన్న జడ్జి కొనసాగాలంటే మాత్రం షికాగో ఉన్న రాష్ట్రమైన ఇల్లినాయ్‌లో 60 శాతం 'అవును' ఓట్లు పడాలి.