రకానికో వేరియబుల్ వద్దు, ఒక్క డిక్షనరీ చాలు

ప్రశ్న: మాది గుంటూరు. బీసీఏ ఆఖరి సంవత్సరం. మిర్చి యార్డు ధరల మీద పైథాన్‌లో ప్రాజెక్టు చేస్తున్నాను. ఫైల్లో ఎన్ని రకాలుంటే అన్ని వేరియబుల్స్ ప్రోగ్రామే తయారు చేసుకునేలా గ్లోబల్స్ (ప్రోగ్రామ్‌లోని వేరియబుల్ పేర్లూ విలువలూ ఉండే పట్టికను ఇచ్చే పైథాన్ ఫంక్షన్) వాడాను. విజయవాడలో ఒక మాక్ ఇంటర్వ్యూలో "ఇలా ఎవరైనా రాస్తారా?" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్. కోడింగ్ మానేసి వేరే దారి చూసుకోమంటారా సార్?

జవాబు: మానేయడం దేనికమ్మా? ఎన్ని రకాలొస్తాయో ముందు తెలియదు కాబట్టి పేర్లు ప్రోగ్రామే పెట్టుకోవాలని ఆలోచించావు. అది సరైన ఆలోచనే. కారణం చెప్పకుండా ఆ మాట అనేయడం నాకు నచ్చలేదు. కారణం నేను చెబుతాను.

నీ ఫైలే చూడు. తేజ రకంతో ఇబ్బంది లేదు. 334 రకం వచ్చిందనుకో. పైథాన్‌లో వేరియబుల్ పేరు అంకెతో మొదలవకూడదు. గ్లోబల్స్‌లో పెడితే ఎర్రర్ రాదు, కానీ తర్వాత కోడ్‌లో 334 అని రాస్తే అది మామూలు సంఖ్యే, ధర రాదు. సూపర్ 10 పేరులో ఖాళీ ఉంది, అదీ కుదరదు. అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటి. ఫైలు చివర టోటల్ అనే వరుస ఉంటే, నువ్వు లెక్క కోసం పెట్టుకున్న టోటల్ వేరియబుల్ చెప్పాపెట్టకుండా మారిపోతుంది. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది.

ధరలకు ఒక డిక్షనరీ పెట్టు. రకం పేరు కీ, ధర విలువ. కీ ఎలాంటి పేరైనా కావచ్చు. లూప్‌లో తిరగొచ్చు, సగటు తీయొచ్చు, మొత్తాన్నీ ఒకేసారి ఫంక్షన్‌కి పంపొచ్చు. నిజానికి గ్లోబల్స్ ఇచ్చేదీ డిక్షనరీయే. నీ ఫంక్షన్లూ, ఇంపోర్టులూ ఉన్న ఆ డిక్షనరీలోనే నువ్వు మిర్చి ధరలూ కలిపేశావు.

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో ఒకప్పుడు రిజిస్టర్ గ్లోబల్స్ అనే సెట్టింగ్ ఉండేది. బ్రౌజర్ నుంచి వచ్చిన ప్రతి పేరూ దానంతటదే వేరియబుల్ అయ్యేది. లాగిన్ అయ్యారా లేదా అని చూసే వేరియబుల్‌కి ప్రోగ్రామర్ ముందుగా విలువ ఇవ్వకపోతే, బయటివాళ్ళు అడ్రస్ బార్‌లోంచే దాన్ని నింపేయగలిగేవారు. 2002లో వచ్చిన 4.2 వెర్షన్‌లో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు, 2012లో 5.4లో పూర్తిగా తీసేశారు. బయటి నుంచి వచ్చే పేర్లను వేరియబుల్స్‌గా మార్చకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పాత కోడ్ చెరిపేయకు. కోడ్‌లో మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో అదీ, మార్చిందీ రెండూ ఉంచు. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే 334తో వచ్చిన చిక్కు, ఎలా మార్చావు, ఎందుకు మార్చావు అన్నవి చెప్పు. టెస్టింగ్ ఆటోమేషన్, డేటా అనలిస్ట్ లాంటి ఫ్రెషర్ ఉద్యోగాలకు వాళ్ళు చూసేది డేటాని ఎక్కడ పెట్టాలో నీకు తెలుసా అనే. డేటా లెక్కలకు వాడే పాండాస్ లైబ్రరీ జోలికి ఇప్పుడే వెళ్ళకు. లిస్టు, సెట్, డిక్షనరీల్లో ఏది ఎప్పుడు వాడాలో నోట్స్ చూడకుండా చెప్పగలిగాక మొదలుపెట్టు.