నాచెజ్ బంగళాలు, పంకా తాడు

అమ్మాయ్,

అమెరికాలోని నాచెజ్ ఊరి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివా. కోప్పడకు గానీ మొదటి పేజీలోనే "రాజసం ఉట్టిపడే" మూడుసార్లు పడింది. మిసిసిపీ ఒడ్డున గట్టు మీద ఊరు, తెల్లటి స్తంభాలు, వంపు మెట్లు, సరే, ఇవన్నీ టూర్‌కి వెళ్ళిన ప్రతివాళ్ళ ఫోన్లోనూ ఉంటాయి కదా. నాలుగు పేజీల్లో తొమ్మిది బంగళాలు తిప్పావు, కాళ్ళు పీకాయి తప్ప ఒక్క ఇంట్లోనూ కాసేపు కూర్చోలేకపోయా.

నేనూ ఇదే చేశాలే. అక్కడి లాంగ్‌వుడ్ బంగళా చూసొచ్చి పిచ్చెక్కిపోయి రాశా, ఎనిమిది మూలల ఇల్లు, నెత్తిన ఉల్లిపాయలాంటి గుమ్మటం, 1860లో మొదలెడితే 1861లో ఉత్తరాది, దక్షిణాది మధ్య అంతర్యుద్ధం రాగానే ఉత్తరాది పనివాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి పోయారు, 32 గదుల్లో కింది అంతస్తువి 9 మాత్రమే పూర్తయ్యాయి, ఓనరు హాలర్ నట్ 1864లో పోయాడు. అయ్యో పాపం అని పేజీలకు పేజీలు. ఎడిటర్ గారు ఒకే లైన్ రాసి వెనక్కి పంపారు, "ఆ ఇంటికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అని. పత్తి తోటల నుంచి, ఆ తోటల్లో చాకిరీ చేసిన వందలమంది బానిసల నుంచి. నాకు తెలుసు, రాయలేదంతే. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నీ వ్యాసం అసలు ఎక్కడుందో చెప్పనా? మెల్రోజ్ బంగళా దగ్గర ఒక్క ముక్క రాసి వదిలేశావ్ చూడు, "డైనింగ్ టేబుల్ మీద పెద్ద చెక్క పంకా వేలాడుతోంది" అని. అక్కడుంది. 1840ల్లో మెక్‌మరన్ అనే లాయరు కట్టించిన ఇల్లది. దాన్ని వాళ్ళూ పంకా అనే అంటారు, మన దేశం మాటే, ఇంగ్లీషువాళ్ళ నోట పడి అంత దూరం పోయింది. మన సర్కారు కచేరీల్లో దొరగారికి గాలి తగలాలని పంకా లాగే మనుషులుండేవాళ్ళని విన్నాం కదా, అక్కడ ఆ తాడు బానిస పిల్లాడి చేతిలో ఉండేది. దొరలు తింటున్నంతసేపూ ఈగలు వాలకుండా లాగుతూనే ఉండాలి. అమెరికన్ రైటర్‌కి పంకా అంటే ఓ వింత వస్తువు, నీకు మాత్రం ఇంట్లో మాట. ఆ అడ్వాంటేజ్ వదులుకుంటావేంటి?

అలాగని ఆ పిల్లాడి మనసులో దూరి డైలాగులు చెప్పించకు, ఏడిపించకు. తాడు, చెయ్యి, టేబుల్ మీద ప్లేట్లు, చాలు.

ఇంకోటి, ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ నీ వ్యాసంలో అస్సలు లేదు. న్యూ ఆర్లీన్స్ తర్వాత ఆ ప్రాంతంలో అంత పెద్ద బానిసల సంత అదే, బంగళాలున్న ఊళ్ళోనే, ఇప్పుడక్కడ సిమెంట్‌లో పాతిన సంకెళ్ళు కనిపిస్తాయి. అలాగే మంగలి విలియం జాన్సన్, బానిసగా పుట్టి విడుదలైన మనిషి, 1835 నుంచి 1851లో హత్యకి గురయ్యేదాకా డైరీ రాశాడు. తనూ బానిసల్ని ఉంచుకున్నాడు. కథ చెడిపోతుందని ఆ ముక్క దాచావో, ఊరుకోను.

ఊరు 1862లో ఉత్తరాది సేనకి పోరాడకుండా లొంగిపోయింది కాబట్టే ఇళ్ళు మిగిలాయి, అది ఒక్క వాక్యంలో తేల్చెయ్. 1932లో మొదలైన పిల్‌గ్రిమేజ్ అనే బంగళాల టూర్లు, గంపల్లాంటి గౌన్లు, ఇంకో వాక్యం. స్టాంటన్ హాల్ పేరా మొత్తం కొట్టెయ్, అది బ్రోషర్‌లో ఉన్నదే.

అన్నట్టు నువ్వు పంపిన ఫొటోలో పంకా బాగా పడింది గానీ తాడు ఫ్రేములో లేదు. వేరే యాంగిల్‌లో తీసింది ఏమైనా ఉందా? ఉంటే ఈ రాత్రికే వాట్సాప్‌లో పెట్టు.