ఇమాటినిబ్ మందు క్యాన్సర్ కణంలోని ప్రోటీన్‌ను ఎలా అడ్డుకుంటుంది?

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఇమాటినిబ్, బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్‌లో ఏటీపీ అనే, కణానికి శక్తినిచ్చే అణువు చేరవలసిన గుంతను తాను ఆక్రమించి దాని పనిని ఆపేస్తుంది. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల పుట్టే ఈ ప్రోటీన్, ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసి ఇతర ప్రోటీన్లకు తగిలిస్తూ, కణ విభజనకు ఆగకుండా సంకేతాలు పంపుతుంటుంది. గుంత మూసుకుపోగానే ఆ సంకేతాలు ఆగి, క్యాన్సర్ కణాలు క్రమంగా నశిస్తాయి. ఈ అమరిక ఎంత సున్నితమైనదంటే, ఆ ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల వరుసలో 315వ స్థానంలో థ్రియోనిన్‌కు బదులు ఐసోల్యూసిన్ చేరితే చాలు, మందు అక్కడ ఇమడదు. పాత కీమోథెరపీ మందుల్లో చాలావాటిలాగే ఇది కూడా డీఎన్‌ఏను దెబ్బతీస్తుందని పలువురు అనుకుంటారు గాని, అది సరికాదు. అలాగని ఇది ఒక్క బీసీఆర్-ఏబీఎల్‌నే పట్టుకుంటుందనీ చెప్పలేం. కిట్ అనే మరో ప్రోటీన్‌నూ అడ్డుకుంటుంది కనుకనే జీర్ణనాళంలో పుట్టే జిస్ట్ కణితులకూ దీన్ని వాడుతున్నారు.