బ్లాక్ మౌంటెన్ ఎక్కే ముందు లించ్‌లో ఆగండి

ప్రశ్న: లెక్సింగ్టన్‌లో ఉంటున్నాం. హార్లన్ కౌంటీలోని బ్లాక్ మౌంటెన్ కెంటకీ రాష్ట్రం మొత్తంలోనే ఎత్తైన చోటని విని, ఈ అక్టోబరులో వెళ్దామనుకుంటున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, తొమ్మిదేళ్ళ బాబు కూడా ఉంటారు. ట్రెక్కింగ్ కష్టమా? పైన వ్యూ బాగుంటుందా?

జవాబు:

కష్టం కాదండీ. శిఖరం 4,145 అడుగులు, అదీ దాదాపు పైదాకా కారు పోయే దారి ఉంది. వ్యూ మాత్రం ఆశించకండి. పైన చుట్టూ చెట్లు, విమానాల రాడార్ ఉన్న గుండ్రటి డోమ్, ఒకప్పుడు అడవి మంటలు కనిపెట్టడానికి కట్టిన పాత ఇనుప టవర్. అంతే. టవర్ పాడైపోయింది, బాబును దాని దగ్గరికి పోనివ్వకండి. ఫొటో దిగి, ఐదు నిమిషాల్లో వెనక్కి తిరిగి, "దీనికోసమా ఇంత దూరం" అనుకున్నవాళ్ళు నాకు తెలుసు. అయినా వెళ్ళమనే చెప్తాను. కాకపోతే ఈ కొండను చూడ్డం కిందినుంచి మొదలుపెట్టాలి.

నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో. నాన్న సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో పనిచేశారు. పెళ్ళయ్యాక మా ఆయన డాక్టరు ఉద్యోగం వల్ల ఈ కొండకు అవతలి పక్క, వర్జీనియాలో కొన్నేళ్ళున్నాం. వీసా వేవర్ మీద మన డాక్టర్లు చాలామంది ఈ కొండ ఊళ్ళకే వస్తారు. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తే, రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళి ఉండాలన్న షరతు తప్పుతుంది. కాబట్టి బొగ్గు ఊళ్ళో పెరిగిన మనిషిగా చెప్తున్నాను, ట్రెక్కర్‌గా కాదు.

లెక్సింగ్టన్ నుంచి ఐ-75 మీద కార్బిన్, అక్కణ్ణుంచి 25ఈలో పైన్‌విల్, తర్వాత 119 పట్టుకుని హార్లన్ మీదుగా కంబర్లాండ్. కనీసం మూడు గంటలు పడుతుంది. పెట్రోలు కంబర్లాండ్‌లోనే కొట్టించుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల్లో సిగ్నల్‌ని నమ్మలేం. ఈ కంబర్లాండ్ దగ్గరే 2019లో ఒక బొగ్గు కంపెనీ దివాలా తీసి జీతాలు ఎగ్గొడితే, కార్మికులు బొగ్గు రైలు కదలకుండా పట్టాల మీద కూర్చున్నారు. 1930లలో సమ్మెలు, కాల్పులతో "బ్లడీ హార్లన్" అని పేరుపడిన జిల్లా ఇదే.

కంబర్లాండ్ దాటగానే 160 రోడ్డు మీద బెన్హమ్ వస్తుంది. అక్కడ కంపెనీ పాత కొట్టులో కెంటకీ బొగ్గు గనుల మ్యూజియం ఉంది. కార్మికులకు డబ్బులకు బదులు కంపెనీ ఇచ్చిన స్క్రిప్ నాణేలు మీ నాన్నగారికి చూపించండి. ఆ నాణేలు ఆ కొట్టులోనే చెల్లేవి. జీతం ఏ చేత్తో ఇచ్చారో ఆ చేత్తోనే వెనక్కి తీసుకునేవారు. ఈ మ్యూజియం కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి 2017లో కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టుకుంది.

బెన్హమ్‌ను ఆనుకునే లించ్. 1917లో యూఎస్ స్టీల్ అనుబంధ కంపెనీ కట్టిన ఊరు. ఇళ్ళు, బడి, ఆసుపత్రి, అన్నీ కంపెనీవే. మన క్వార్టర్ల వాతావరణం తెలిసినవాళ్ళకు ఆ వీధుల్లో పెద్దగా వివరించాల్సింది ఉండదు. ఇటలీ, హంగరీల నుంచి మనుషులు, అలబామా నుంచి నల్లవాళ్ళు వచ్చి, ఒకప్పుడు పదివేల మంది దాకా ఉండేవారు. ఇప్పుడు వెయ్యి మంది కూడా లేరు.

అక్కడ పోర్టల్ 31 అనే గని టూర్ తప్పకుండా చెయ్యండి. తెరిచే రోజులు, వేళలు మారుతుంటాయి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. 1917 నుంచి 1963 దాకా నడిచిన గని ఇది. పన్నెండు కోట్ల టన్నుల పైన బొగ్గు తీశారు. హెల్మెట్ పెట్టుకుని చిన్న రైలు బండిలో కూర్చుంటే లోపలికి తీసుకెళ్తారు. మన సింగరేణి ఇంక్లైన్ గనిలాగా ఏటవాలుగా దిగదు. ఇక్కడ బొగ్గు పొరలు కొండ పక్కల్లో అడ్డంగా బయటికి కనపడతాయి, అందుకే కొండలోకి నేరుగా తొలుచుకుంటూ పోయారు. నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. ఆయనకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. టూర్ దగ్గర ఉన్న పెద్దాయన కూడా గనిలో చేసిన మనిషే. నాన్న చేతికర్రతో పైకప్పు కొట్టి, చెవి వాల్చి వినడం అభినయించి చూపించారు. రాయి గట్టిగా ఉందా, ఊడి పడేలా ఉందా అన్నది ఆ చప్పుడుతోనే తెలుసుకుంటారు. ఆ పెద్దాయన వెంటనే తనూ అలాగే చేశాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మధ్యలో నా అవసరం పడలేదు. మీ నాన్నగారికి గనులతో సంబంధం లేకపోయినా ఈ గంట సేపు నచ్చుతుంది.

ఇప్పుడు కొండెక్కండి. లించ్ నుంచి 160 మలుపులు తిరుగుతూ వర్జీనియా సరిహద్దుకు చేరుతుంది. అక్కడ కుడివైపు ఒక సన్నటి దారి చీలుతుంది. శిఖరం ఒకటిన్నర మైలు పైచిలుకు. పెద్దవాళ్ళను కార్లోనే తీసుకెళ్ళండి, మీరూ బాబూ నడవండి. నడక తేలికే, కానీ ఆ నడకలో ఒక సంగతి బాబుకు చెప్పండి: పొద్దున మనం రైలెక్కి వెళ్ళింది ఈ కొండ లోపలికే అని.

ఈ శిఖరం ఈరోజుకీ ఉండటం దానంతటది జరిగింది కాదు. కొత్తగూడెం, ఇల్లందు వైపు నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాక చదును నేల మీద మట్టిగుట్టలు లేచాయి. ఇక్కడ అంతకు తిరగబడింది. ఉన్న కొండల తలలు పేల్చేసి, ఆ మట్టీ రాయీ పక్క లోయల్లో పోశారు, వాగులు పూడిపోయాయి. 1990ల చివర్లో బ్లాక్ మౌంటెన్ మీద కూడా తవ్వకం మాట వచ్చింది. స్థానికులు, స్కూలు పిల్లలతో సహా, అడ్డుపడ్డారు. 1999లో రాష్ట్రం శిఖర భాగంలో బొగ్గు, కలప హక్కుల్ని కొనేసింది. పైన నిలబడి ఏమీ కనపడటం లేదని విసుక్కునే ముందు ఈ మాట గుర్తుంచుకుంటే, ఆ చెట్లే చూడాల్సినవని నాకు గట్టిగా అనిపిస్తుంది. నేల మాత్రం ప్రైవేటుది. ఒకప్పుడు, ఏదైనా జరిగితే బాధ్యత మాదేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టి పంపితేనే వెళ్ళనిచ్చేవారు. బయల్దేరే ముందు హార్లన్ టూరిజం వాళ్ళని అడగండి.

ఊపిరితిత్తుల సంగతి కూడా చెప్పాలి. నైరుతి వర్జీనియాలోని మూడు క్లినిక్కుల్లోనే 2013, 2017 మధ్య 416 మందికి ముదిరిన బ్లాక్ లంగ్, అంటే గని దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, ఉన్నట్టు 2018లో ప్రచురించారు. మందపాటి పొరలు అయిపోయి, పలచటి పొరను రాయితో కలిపి కోస్తున్నారు, ఆ రాతి దుమ్ములోని సిలికా మరింత ప్రమాదం. దారిలో ఆక్సిజన్ గొట్టంతో ఎవరైనా కనిపిస్తే, ఆయనకు మీకన్నా చిన్న వయసే ఉండొచ్చు. బాబు తేరిపార చూడకుండా ముందే చెప్పి ఉంచండి.

వ్యూ కావాలంటే కంబర్లాండ్ పక్కనే పైన్ మౌంటెన్ మీద కింగ్‌డమ్ కమ్ స్టేట్ పార్క్ ఉంది. బ్లాక్ మౌంటెన్ మొత్తం ఎదురుగా పరుచుకుని కనిపిస్తుంది. అక్టోబరులో ఆకుల రంగులు అక్కడే బాగుంటాయి. ఎలుగుబంట్లు తిరుగుతాయి, తినేవి కార్లోనే పెట్టుకోండి. కింద ఎండగా ఉన్నా శిఖరం మీద చలి, మంచు పొగ ఉంటాయి, అమ్మగారికి స్వెటర్, శాలువా పట్టుకెళ్ళండి. వేట సీజన్ కాబట్టి నడిచేవాళ్ళు నారింజ రంగు జాకెట్ వేసుకోవడం మంచిది. 160 మలుపుల మీద ట్రక్కులు వస్తాయి, చీకటి పడక ముందే దిగిపోండి.