ఓడ తిప్పగానే మూల దగ్గర గీత ఎందుకు విడిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 6502 అనే పాత 8-బిట్ ప్రాసెసర్ మీద నడిచే గేమ్‌లో మూడు గీతల ఓడ ఉంది. నిటారుగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. తిప్పితే మాత్రం ఒక మూల దగ్గర గీత కలవట్లేదు, పైగా ఓడ సన్నగా వణుకుతోంది. తిప్పిన ఆకారాలు తయారుచేయడానికి రెడీమేడ్ టూల్ ఏదైనా ఉందా, సొంతంగా రాసుకోవాలా అని అడిగారు, ఓడ ఇంజన్ వెనక మంటని ఎలా తిప్పాలని కూడా. సొంతంగానే రాసుకోండి, వెతికే టైమ్‌లో రాసెయ్యచ్చు. కాకపోతే నేను చేసిన తప్పే మీరూ చేస్తున్నట్టున్నారు. ముందు దాని సంగతి చూద్దాం.

గీతలు గీసే రొటీన్‌కి (ఆ పని చేసే కోడ్ ముక్కకి) సాధారణంగా "ఇక్కణ్ణుంచి అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత" అని తేడాలు ఇస్తాం. ఓడ కూడా తేడాల వరసగానే మెమరీలో ఉంటుంది. కాబట్టి తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ తేడాలనే ఒక్కోటి తిప్పెయ్యడం చాలా సహజంగా తోస్తుంది. నేనూ అదే చేశాను.

ఒక ఓడ తీసుకుందాం. ముక్కు (0, 12), ఎడమ మూల (−7, −9), కుడి మూల (7, −9). తేడాలు వరసగా (−7, −21), (14, 0), (−7, 21). మూడూ కూడితే సున్నా, అంటే బొమ్మ మూసుకుంది. లెక్క తేలిగ్గా ఉండేలా 30 డిగ్రీలు తిప్పుదాం. మొదటి తేడాలో అడ్డం 4.44 వస్తుంది, రెండోదాంట్లో 12.12, మూడోదాంట్లో −16.56. ఇవి కూడితే సున్నానే. కానీ మెమరీలోకి వెళ్లేది పూర్ణాంకాలు కదా: 4, 12, −17. మొత్తం −1. మీ మూల దగ్గర కనిపించే సందు ఆ ఒక్క పిక్సెలే. ఒక్కో తేడాకి రౌండింగ్ విడివిడిగా జరిగింది, ఆ చిల్లర అంతా ఆఖరి మూల నెత్తిన పడింది.

మందు చాలా చిన్నది. తేడాల్ని ముట్టుకోకండి. పాయింట్లని తిప్పండి, రౌండ్ చెయ్యండి, ఆ తర్వాతే తేడాలు తియ్యండి. అదే ఓడకి ముక్కు (−6, 10), ఎడమ మూల (−2, −11), కుడి మూల (11, −4) అవుతాయి. అడ్డం తేడాలు 4, 13, −17. మొత్తం సున్నా. ఏ కోణంలో చూసినా సున్నానే వస్తుంది, ఎందుకంటే బయల్దేరిన పాయింట్‌కే తిరిగొస్తున్నాం. అయినా నా టూల్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ ఈ మొత్తం సరిచూసి, సున్నా కాకపోతే అక్కడికక్కడే ఆగిపోయే చెక్ ఒకటి పెట్టుకున్నాను. ఆకారాన్ని చేత్తో సవరించేటప్పుడు అది నన్ను చాలాసార్లు కాపాడింది. ఇంకో మాట: తిప్పిన ఆకారాన్నే మళ్లీ మళ్లీ తిప్పుకుంటూ పోకండి. ప్రతిసారీ అసలు ఆకారం దగ్గర్నుంచే మొదలెట్టాలి, లేదంటే కొన్ని చుట్లు తిరిగేసరికి ఓడ ఎలుక కొరికినట్టు తయారవుతుంది.

ఇక వణుకు. సైన్ టేబుల్‌తో (ముందే లెక్కేసి పెట్టుకున్న సైన్ విలువల పట్టికతో) గుణించి, ప్లస్ మైనస్ గుర్తు చెడకుండా బిట్లని కుడివైపుకి షిఫ్ట్ చేస్తే 4.3 కాస్తా 4 అవుతుంది, −4.3 మాత్రం −5 అవుతుంది. ఎప్పుడూ కిందికే దిగుతుంది. అందుకే ఓడ కోణం మారినప్పుడల్లా ఒక పక్కకి లాగినట్టు కనిపిస్తుంది. టూల్‌లో అయితే 0.5 కలిపి కిందికి దించే పాత అలవాటు ఒకటుంటుంది. కొలతలో సగాలు ఉంటే అదీ ముంచుతుంది: 7.5 వెళ్లి 8 అవుతుంది, −7.5 వెళ్లి −7 అవుతుంది. అసలు తిప్పకముందే ఓడ ఒక పక్కకి ఒరుగుతుంది. గుర్తు పక్కన పెట్టి రౌండ్ చేసి, మళ్లీ గుర్తు తగిలించండి.

నా మొదటి "టూల్" గ్రాఫ్ పేపరూ కోణమానినీ. రెండోది స్ప్రెడ్‌షీట్. అందులో సైన్ రేడియన్లు అడుగుతుందన్న సంగతి మర్చిపోయి డిగ్రీలు ఇచ్చి, ఓడ ఎందుకు గంతులేస్తోందా అని ఒక సాయంత్రమంతా బుర్ర గోక్కున్నాను. మూడోది పైథాన్‌లో రాసిన చిన్న స్క్రిప్ట్. ఇప్పటికీ అదే వాడుతున్నాను. పాయింట్లు ఇస్తే అసెంబ్లర్ (మన కోడ్‌ని మెషిన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్) తినగలిగే బైట్ల వరసలు రాసిస్తుంది, పక్కనే ఒక కిటికీలో బొమ్మ తిప్పి చూపిస్తుంది.

ఆ ప్రివ్యూ కిటికీ దగ్గరే అసలు పాఠం నేర్చుకున్నాను. మొదట్లో అది దశాంశాలతో గీసేది, పైగా అంచులు నున్నగా చేసే లైబ్రరీతో. కంప్యూటర్‌లో ఓడ ముత్యంలా తిరిగేది, మెషిన్ మీద అదే ఓడ చీకిన పుల్లలా ఉండేది. ఇప్పుడు ఫైల్లోకి రాసిన పూర్ణాంకాలనే మళ్లీ చదివి గీస్తుంది, గేమ్‌లో ఏ గీత పద్ధతి ఉందో అదే ఇక్కడా వాడుతుంది. ఒకే గీతని ఇటు నుంచి అటు గీస్తే ఒకలా, అటు నుంచి ఇటు గీస్తే ఇంకోలా పిక్సెళ్లు వెలగొచ్చు, అందుకని గీసే దిశ కూడా కలవాలి. పెద్దది చేసి, బాణం కీలతో ఒక్కో కోణం దాటుకుంటూ చూడండి. ఏ ఫ్రేమ్ ముక్కు మొద్దుబారిందో కంటికే తెలుస్తుంది. అలాంటి వాటిని నేను చేత్తోనే దిద్దుతాను, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

మెమరీ గురించి భయపడకండి. 64 దిక్కులు, మూడు గీతలు, గీతకి రెండు బైట్లు: 384 బైట్లు. ఓడ ఎడమా కుడీ ఒకేలా ఉంటే 0 నుంచి 16 దాకా 17 ఆకారాలు చాలు, అంటే 102 బైట్లు. మిగతావి అడ్డం గుర్తో, నిలువు గుర్తో, రెండూనో మారిస్తే వచ్చేస్తాయి. గేమ్ లోపల కోణాన్ని ఒక బైట్‌లోనే ఉంచండి. 256 అంటే పూర్తి చుట్టు, 255 దాటితే దానంతటదే సున్నాకి వస్తుంది. కాస్ (కొసైన్) కోసం వేరే టేబుల్ అక్కర్లేదు, సైన్ టేబుల్‌లోనే 64 గడులు ముందుకెళ్లి చదివితే సరి.

గేమ్ నడుస్తుండగానే తిప్పడం 6502 మీద నేను మానేశాను. దానికి గుణకారం ఇన్‌స్ట్రక్షన్ లేదు, పాయింట్‌కి నాలుగు గుణకారాలు, ఒక్కోదానికి ఎనిమిది సార్లు షిఫ్టులూ కూడికలూ. 6809 అనే ఇంకో ప్రాసెసర్ అయితే కథ వేరు, దానికి 11 సైకిళ్లలో గుణించే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. 1982లో వచ్చిన, గీతలతోనే బొమ్మలు గీసే వెక్ట్రెక్స్ గేమ్ మెషిన్‌లో అదే ఉండేది, గీతల వరసని తిప్పే రొటీన్ కూడా మెషిన్ రోమ్‌లోనే సిద్ధంగా ఉండేది. 1979 నాటి ఆస్టరాయిడ్స్ గేమ్‌లో రాళ్లు అసలు తిరగవు, ఊరికే తేలుతూ పోతాయంతే. ఎవరికైనా లోటుగా అనిపించిందా? మీ గేమ్‌లోనూ ఏది నిజంగా తిరగాలో ముందు తేల్చుకోండి.

మంట గురించి కూడా అడిగారు కదా. దాన్ని వేరే ఆకారంగా, దాని సొంత కేంద్రంతో తిప్పకండి. నేనలా చేస్తే కొన్ని కోణాల్లో మంట ఓడకి ఒక పిక్సెల్ దూరంగా గాల్లో వెలిగింది. ఓడ పాయింట్ల జాబితా చివరే మంట పాయింట్లు పెట్టి, అన్నిటినీ ఒకే కేంద్రం చుట్టూ తిప్పండి. ఇంజన్ ఆపినప్పుడు ఆ చివరి గీతల్ని గీయకుండా వదిలేస్తే చాలు.