పెన్నుతో కొట్టేయకు అమ్మాయీ

చి. అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

వార్డు సచివాలయం పనికి తోడు, ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా సరిచూసే బూత్ లెవెల్ అధికారి బాధ్యత కూడా నీ నెత్తిన పడిందనీ, అదీ కాకినాడ మెయిన్ రోడ్డు వెనక వీధుల బూత్ అనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. పల్లెల్లో జనం పొద్దున్నే వరుస కడతారు, ఇక్కడ చదువుకున్నవాళ్లకే బద్ధకం అని విసుక్కున్నావట. 2024లో రాష్ట్రం మొత్తం మీద పోలింగ్ 80 శాతం దాటిందంటే, నడిబొడ్డు బూత్‌లు వెలవెలబోవడం చూసి ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ప్రిసైడింగ్ అధికారిగా కూర్చున్న రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. జాబితా చేతపట్టుకుని ఆ వీధుల్లో తిరిగాక నోరు మూసుకున్నాను.

శాతం అంటే పడిన ఓట్లను జాబితాలోని పేర్లతో భాగించడం, అంతే కదా. నీ బూత్‌లో 1,100 పేర్లున్నాయనుకో, 650 మంది ఓటేశారనుకో. 59 శాతం. ఆ పేర్లలో 200 మంది ఇప్పుడు అక్కడ ఉండనివాళ్లూ పోయినవాళ్లూ అయితే? అదే 650 మంది 72 శాతం అవుతారు. ఒక్కరు కూడా అదనంగా ఓటేయలేదు, బద్ధకం మాత్రం దాదాపు సగం మాయమైంది. అందుకే జనానికి ఓటు విలువ చెప్పబోయే ముందు జాబితా చదువు.

మెయిన్ రోడ్డు దుకాణాల్లో పగలంతా కనిపించే జనం నీ ఓటర్లు కారు. బట్టల కొట్లో చీరలు పరిచే కుర్రాడు కరప నుంచో తాళ్లరేవు నుంచో పిఠాపురం నుంచో వస్తాడు, వాడి ఓటు అక్కడే. నీ ఓటర్లు ఆ దుకాణాల పై అంతస్తుల్లో, వెనక సందుల్లో ఉంటారు. పెద్దవాళ్లు మిగిలారు, పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోయారు, పేర్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి. కొందరికి అక్కడా పేరుంది. 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న రెండుసార్లూ ఇక్కడా తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్. ఒకచోట వేలికి సిరా పడితే రెండోచోట ఆ పేరు గైర్హాజరే. రెండుచోట్ల పేరుండటం చట్టం ఒప్పదని నెమ్మదిగా చెప్పు. బెదిరించకు, తలుపులు మూసుకుంటాయి. పోయినసారి రెండో శనివారం, ఆదివారం, సోమవారం పోలింగ్ కలిసొచ్చి హైదరాబాద్ బస్సులు కిక్కిరిసి వచ్చాయి. సెలవులు కలిస్తే విహారానికి పోకుండా ఓటు కోసం ఊరికొచ్చే జనం మనవాళ్లు! అయితే బస్సు కాంప్లెక్సులో దిగినవాళ్లలో చాలామంది మళ్లీ పల్లె బస్సే ఎక్కారు.

చనిపోయినవారి పేర్ల దగ్గర తొందరపడకు. ఒకసారి బంగారం కొట్టు మేడ మీదికి వెళ్లాను. ఇంటి పెద్దావిడ పోయి అప్పటికి రెండేళ్లు. పేరు తీసేయడానికి ఇచ్చే ఫారం 7 మీద సంతకం పెట్టమంటే కొడుకు చాలాసేపు కాగితం వైపే చూస్తూ, "రేషన్ కార్డులో తీసేశారు, బ్యాంకులో తీసేశారు. ఇక్కడ ఒక్కచోటైనా ఉండనివ్వండి మాస్టారూ" అన్నాడు. కాఫీ తాగి వచ్చేశాను. పది రోజులకు ఆయనే కబురు పెట్టి సంతకం చేశాడు. ఆ సంతకం మొదటిరోజే లాగి ఉంటే ఆ ఇంట్లో మిగిలిన నలుగురూ నాకు వివరాలు చెప్పేవాళ్లు కాదు.

అద్దెవాళ్లది ఇంకో గొడవ. ఇక్కడ ఓటు నమోదైతే ఇల్లు ఖాళీ చేయరేమోనని యజమానులకు భయం. ఓటుకూ ఇంటి హక్కుకూ సంబంధం లేదని యజమాని ముందే చెప్పు, వెనక కాదు. మామూలుగా అక్కడ కాపురం ఉంటే చాలు, సొంతిల్లు అక్కర్లేదు. మారినవాళ్లకు ఫారం 8, కొత్తవాళ్లకు ఫారం 6. పద్దెనిమిది నిండటానికి ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా లెక్కే. ఇంటర్ పిల్లలున్న ఇళ్లు గుర్తుపెట్టుకో.

మధ్యాహ్నం వెళ్లకు, ఎవరూ ఉండరు. ఆదివారం ఉదయం టిఫిన్ల వేళ వెళ్లు, లేదా కొట్లు కట్టేశాక. తాళం కనిపిస్తే పక్కింటివాళ్లకంటే ముందు సందు మొదట్లో ఇస్త్రీ చేసేవాణ్ణి అడుగు. ఎవరి బట్టలు వస్తున్నాయో వాడికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఈ మాట ఎందుకంటే, ఒక ఏడాది జగన్నాథపురం వంతెన దగ్గర ఒక దర్జీ గది తాళం వేసి ఉంది. "ఎప్పుడో వెళ్లిపోయాడు" అంది ఎదురింటావిడ. వలస అని రాసి, పెన్నుతో పేరు కొట్టేసి నివేదిక ఇచ్చాను. రెండోసారి వెళ్లి చూడలేదు. పోలింగ్ రోజు పదకొండు గంటలకు ఇస్త్రీ చొక్కాతో, గుర్తింపు కార్డుతో వచ్చి నా ముందే నిలబడ్డాడు. కూతురి పురుడని మూడు నెలలు రామచంద్రపురం వెళ్లాడట. కార్డు ఉంటే చాలదు, జాబితాలో పేరుండాలి. కార్డును రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. తిట్టినా బాగుండేది. తీసేసే నిర్ణయం పైఅధికారిదే, నోటీసులూ ఉంటాయి, అయినా మొదటి అబద్ధం నా గీతదే.

ఓట్ల లెక్కింపు అయ్యాక ఫారం 20లో బూత్‌వారీ లెక్క వస్తుంది. ఏ వీధి ఎవరికి వేసిందో చెప్పమని పార్టీల మనుషులు నీ చుట్టూ చేరతారు. నీకు తెలియదు, తెలిసినా చెప్పకు. వ్యాపారులంతా ఒకవైపు, అద్దెవాళ్లంతా ఒకవైపు అనే మాటలు టీ కొట్ల దగ్గర పుట్టినవి. ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములు చెరో మీట నొక్కడం మన ఇంట్లోనే ఉంది కదా, మీ నాన్నను అడుగు.

పోలింగ్ ముందు వారం దుకాణాల యజమానులను కలువు. ఆ రోజు పనివాళ్లకు జీతంతో సెలవివ్వాలి, వాళ్ల ఓటు పక్క నియోజకవర్గంలో ఉన్నా సరే. ఇవ్వకపోతే జరిమానా ఐదు వందలకు మించదు, అది విని వాళ్లు నవ్వుతారు. నువ్వూ నవ్వి, సెలవు మాత్రం ఒప్పించు. సాయంత్రం గడువు ముగిసేసరికి వరుసలో ఉన్నవాళ్లందరికీ చీటీలు ఇస్తారు, చివర నిలబడినవాళ్లతో మొదలుపెట్టి. ఆలస్యమైందని గుమ్మంలో తటపటాయించేవాళ్లను ఆ లోపే వరుసలోకి చేర్చు.

ఆదివారం నీ జాబితా ప్రతి తీసుకుని ఇంటికి రా, వీధి వీధీ కలిసి చూద్దాం. నీకోసం రెండు పెన్సిళ్లు చెక్కి ఉంచాను.

మీ పెద్దనాన్న